మంచి దిశ: పైకి

సంక్రాంతికి వచ్చిన అల్లుడుగారు కనుమ నాడు కోడికూర, గారెలు సుష్టుగా తిని, అరుగు మీద వాలుకుర్చీలో కూచుని, ఏమీ తోచక నా నోటుబుక్కు తీసి చూశారు. అక్కడే మొదలైంది.

ముందు ఆ నోటుబుక్కు సంగతి చెప్పాలి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామం మాస్టారిని. శ్రీకాకుళం జిల్లాలో, నాగావళి పక్కన ఊరు. మా వైపు చీకటితో రోడ్డు మీద ఎవరైనా పరిగెడుతుంటే కుక్కలు కూడా మొరగవు. కానిస్టేబుల్ సెలక్షన్‌కు ప్రాక్టీసు చేస్తున్న కుర్రాడని వాటికీ తెలుసు. రోజూ 5 గంటల నుంచి 7 గంటల దాకా అలాంటివాళ్ళు ఒక పాతిక మంది మా స్కూలు గ్రౌండుకు వస్తారు. వాళ్ళ పరుగులు, గెంతులు, ఎత్తులు, బరువులు అన్నీ నేను ఆ లాంగ్ నోటుబుక్కులో రాస్తాను. అట్ట ఊడిపోయింది, నాలుగో పేజీ మీద టీ గ్లాసు ముద్ర ఉంది, లాంగ్‌జంప్ పేజీని ఎలుక కొంత కొరికింది. అయినా ఎవడు ఏ వారం ఎంతలో పరిగెత్తాడో పది సెకన్లలో చెప్పగలను.

కుర్రాళ్ళ అసలు పేర్లు కూడా అందులో ఉండవు. అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు కోరమాండల్. అందరూ వచ్చాక, నేను స్టాప్‌వాచీ జేబులో పెట్టుకునే వేళకు వచ్చేవాడు పలాస ప్యాసింజరు. ఒకడు మరీ పొడుగు, వాడు కరెంటు స్తంభం. రైల్వే గేటు పక్కన ఊరి గ్రౌండులో పేర్లు ఇలాగే ఉంటాయి.

"మావయ్యగారూ, ఈ రోజుల్లో ఇదేమిటండీ? దీనికి మంచి యాప్‌లున్నాయి. టెస్టులు మీరే తయారుచేసుకోవచ్చు. కొలత వేస్తే చాలు, ఎవరికి ఏ వర్కవుట్ ఇవ్వాలో అదే ప్లాను గీసేస్తుంది" అన్నారు అల్లుడుగారు.

నేను వద్దనబోయాను. తలుపు వెనక నుంచి మా ఆవిడ చూసిన చూపుకు అర్థం ఏమిటో ముప్పై ఏళ్ళుగా నాకు తెలుసు. పండక్కి వచ్చిన అల్లుడి మాట తీసేయకూడదు. ఫోను ఇచ్చేశాను. ఆయన పది నిమిషాల్లో అంతా ఎక్కించి, "మీకు సులువుగా ఉంటుందని భాష తెలుగులో పెట్టానండీ" అని నవ్వి, మర్నాడు రైలెక్కి హైదరాబాదు వెళ్ళిపోయారు.

ఆ తెలుగు నేను చదువుకున్న తెలుగు కాదు. మొదటి వ్యాయామమే "మూడు సెట్లు, పన్నెండు మంది ప్రతినిధులు" అని వచ్చింది. గోడకుర్చీ వెయ్యడానికి ప్రతినిధులెందుకో, వాళ్ళు ఏ పార్టీవారో నాకు తెలీలేదు. మధ్యాహ్నం దాకా ఆలోచిస్తే తట్టింది, అవి రెప్స్, అంటే ఒక్కో సెట్టులో ఎన్నిసార్లు చెయ్యాలన్న లెక్క. విశ్రాంతి అని ఉండాల్సిన చోట "మిగిలినది: 90 సెకన్లు" అని ఉంది. ఛాతీ కొలతకు "పెట్టె చుట్టుకొలత" అని పెట్టారు. ఇవన్నీ ఒక ఎత్తు, "దూడను పైకి లేపుట, రోజుకు ఇరవై సార్లు" అన్నది ఒక ఎత్తు. పిక్కల వ్యాయామం అన్నమాట అది, ఇంగ్లీషులో పిక్కకూ దూడకూ ఒకటే మాట. మా వాళ్ళలో ఒకడు చాలా విధేయుడు, మర్నాడు పొద్దున్న వాళ్ళ శాలలో దూడను నిజంగానే ఎత్తబోయి పేడలో పడ్డాడు. నేను వాణ్ణి తిట్టలేదు. పూర్వం గ్రీకు మల్లుడు మైలో కూడా రోజూ ఒక దూడను ఎత్తుతూ, అది ఎద్దయ్యేదాకా ఎత్తాడని కథ ఉంది. బరువు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలని చెప్పడానికి మాకు ట్రైనింగులో ఆ కథే చెప్పారు. యాప్ తెలిసి అన్నదో తెలీక అన్నదో గానీ, శాస్త్రం ప్రకారమే అంది.

సరే, టెస్టులు తయారుచేయడానికి కూచున్నాను. మొదటిది ఎత్తు. మా ఆంధ్రాలో కానిస్టేబుల్‌కు మగపిల్లలకు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఇంత వంకర అంకె ఎక్కడిదని కుర్రాళ్ళు అడుగుతుంటారు. ఐదడుగుల ఆరంగుళాలను సెంటీమీటర్లలోకి మారిస్తే వచ్చేది అదే. మా గోడ మీద గీతలు అడుగులు, అంగుళాల్లోనే ఉన్నాయి కాబట్టి ప్రమాణం దగ్గర "అడుగులు" అని నొక్కాను. తరవాత ఒక్కొక్కణ్ణీ గోడకు నిలబెట్టి, ఐదు ఆరు అయితే 5.6 అని, ఐదు పదకొండు అయితే 5.11 అని వేసుకుంటూ పోయాను. మన దేశంలో పెళ్ళిచూపుల దగ్గర నుంచి అందరూ అలాగే రాస్తారు.

యాప్‌కు పెళ్ళిచూపుల అనుభవం లేదు. 5.11 అంటే ఐదడుగుల పదకొండు అంగుళాలని అది అనుకోలేదు. ఐదడుగులు, ఇంకో అడుగులో నూటికి పదకొండు వంతులు అనుకుంది. దాంతో మా కరెంటు స్తంభం 155.8 సెంటీమీటర్లకు దిగిపోయి, పాతిక మందిలోకీ పొట్టివాడైపోయాడు. పేరు పక్కన ఎర్రచుక్క. ఐదడుగుల మూడంగుళాల కుర్రాడు వాడికంటే దాదాపు ఆరు సెంటీమీటర్లు పైనున్నాడు. ఐదడుగుల ఐదంగుళాలవాడు ఒకడున్నాడు, ఒక్క అంగుళం తక్కువైందని రెండేళ్ళుగా చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడుతున్నాడు. వాడి 5.5 సరిగ్గా 167.64 అయి పచ్చచుక్క పడింది. వేలాడినందుకు ఫలితం దక్కిందని వాడు కొమ్మకు దణ్ణం పెట్టుకున్నాడు.

ఇది ఇక్కడితో ఆగితే బాగుండేది. ఎత్తునూ బరువునూ కలిపి యాప్ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా లేదా అన్న అంకె, కూడా లెక్కగట్టింది. స్తంభం బరువు 70 కిలోలు. వాడి అసలు ఎత్తుకు 21.5 రావాలి, శుభ్రమైన అంకె. పొట్టివాడైపోయాడు కదా, 28.9 వచ్చింది. "అధిక బరువు. పిండిపదార్థాలు తగ్గించండి" అని వాళ్ళింటికి మెసేజి వెళ్ళింది. తల్లిదండ్రులకు తనంతట తనే మెసేజి పంపే ఏర్పాటు కూడా అల్లుడుగారు చేసి వెళ్ళారు. వాళ్ళమ్మ మూడు రోజులు వాడికి రాత్రిపూట రాగిజావే పోసింది. నాలుగో రోజు స్తంభం గ్రౌండులో నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, నాను పొట్టోడినా?" అని అడిగాడు. ఆ మాట వాడు నా మొహం చూసి అడగడానికి కిందికి వంగాల్సి వచ్చింది.

ఎత్తులు సెంటీమీటర్లలోకి మార్చాను. కొమ్మకు దణ్ణం పెట్టినవాడికి ఎర్రచుక్క పడితే, అప్పటి నుంచి వాడు నాకు దణ్ణం పెట్టడం మానేశాడు.

ఛాతీకి స్కూల్లో టేపు పనికిరాదు. దాని మొదటి పది సెంటీమీటర్లు ఎప్పుడో తెగిపోయాయి. లాంగ్‌జంప్ దాంతోనే కొలుస్తాను, పది మీద నుంచి పట్టుకుని చివర్లో పది తీసేస్తాను. ఆ తీసివేత నా బుర్రలో ఉంది గానీ యాప్‌లో లేదు. అందుకని పంచాయతీ ఆఫీసు ఎదుట టైలరును పిలిచాను. 86.3 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. ఆయన వరసగా అందరికీ కొలిచి చీటీ ఇచ్చాడు. ఒక్కడు కూడా ఫెయిలు కాలేదు. చిక్కిపోయిన ఎముకల గూళ్ళు కూడా వస్తాదుల్లా తేలాయి. ఏమిటా అని అడిగితే, "రెండంగుళాలు లూజు కలిపినాను మాస్టారూ, ఉతికితే దిగుద్ది కదా" అన్నాడు.

ఇక నా ప్రతిభంతా చూపించినది పన్నెండు నిమిషాల పరుగు దగ్గర. 1968లో కెన్నెత్ కూపర్ అనే అమెరికా వైమానిక దళం డాక్టరు పెట్టిన పరీక్ష అది. పన్నెండు నిమిషాల్లో ఎన్ని మీటర్లు పరిగెత్తాడో చూసి, అందులోంచి 504.9 తీసేసి, 44.73తో భాగిస్తే వాడి ఒంటికి ఆక్సిజన్ వాడుకునే శక్తి ఎంతో వస్తుంది. 2,400 మీటర్లు వెళ్ళినవాడికి 42 చిల్లర. యాప్‌లో మన సూత్రం మనమే రాసుకునే సౌకర్యం ఉంది. రాత్రి పదకొండు దాకా కూచుని బ్రాకెట్లతో సహా రాశాను. మా ఆవిడ రెండుసార్లు లేచి లైటు చూసి, మళ్ళీ పడుకుంది.

పొద్దున్న పరుగు పెట్టించి దూరాలు వేశాను. పాతిక మందికీ ఒకటే ఫలితం వచ్చింది. మైనస్ 11.2. ముందొచ్చినవాడికీ అదే, మధ్యలో కూచుని బూటు లేసు కట్టుకున్నవాడికీ అదే. వాట్సాప్ గ్రూపులో వెంటనే పడిపోయింది. మా సైన్సు మాస్టారు అందరికంటే ముందు చూసి, "ప్రపంచంలో ఎక్కడా లేని విధంగా మన గ్రౌండులో పిల్లలు ఆక్సిజన్ వదులుతున్నారు. చెట్లు కొట్టేసినా మన ఊరికి దిగులు లేదు" అని పెట్టారు. దానికి హెడ్మాస్టారు బొటనవేలు చూపించారు. తీరా చూస్తే దూరం గడి కిలోమీటర్లలో ఉంది. 2,400 లోంచి తియ్యాల్సిన 504.9ని 2.4 లోంచి తీసింది పాపం. లేని బియ్యంలోంచి బస్తా కొలిచి ఇమ్మంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు. మీటర్లకు మార్చగానే ఎవడి అంకె వాడికి వచ్చింది.

నా తప్పు నేనే పట్టుకుని దిద్దుకున్నాను కాబట్టి ఇక నాకు యాప్ వచ్చేసిందన్న నమ్మకం కుదిరింది. అసలు ప్రమాదం తప్పు చేసినప్పుడు లేదు, ఈ నమ్మకం కుదిరినప్పుడుంది.

అసలైన టెస్టు 1600 మీటర్లు. సెలక్షన్‌లో 8 నిమిషాల్లో రావాలి, ఒక్క సెకను దాటినా ఇంటికే. అప్పటికే లాంగ్‌జంప్‌కు టెస్టు చేసి ఉంచాను, 3.80 మీటర్లు దూకితే పచ్చచుక్క. మళ్ళీ మొదటి నుంచి ఎందుకని దాన్నే కాపీ కొట్టి, పేరు మార్చి, మీటర్లు తీసి నిమిషాలు పెట్టాను. పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్ళను పట్టుకోవడం నా వృత్తిలో భాగం. నా కాపీని పట్టుకునేవారు లేకపోయారు.

కాపీలో ఒక గడి మిగిలిపోయింది. "మంచి దిశ" అని రాసి, దాని కింద "పైకి", "కిందికి" అని రెండు బటన్లు. లాంగ్‌జంప్ కాబట్టి మొదట్లో "పైకి" నొక్కి ఉంచాను, దూకేవాడు పైకే కదా లేస్తాడు. పరుగు దగ్గరకొచ్చేసరికి ఆలోచించాను. పరుగు పైకీ కాదు, కిందికీ కాదు, ముందుకు. ముందుకు అనే బటను లేదు. పిల్లలు పైకి రావాలి గానీ కిందికి పోవడమేమిటి, శుభమా అని టెస్టు పెడుతూ? ఉన్నదాన్ని అలాగే ఉంచేశాను.

ఆదివారం పొద్దున్న మంచులో పరుగు పెట్టాను. కోరమాండల్ 5 నిమిషాల 50 సెకన్లలో వచ్చేశాడు. ప్యాసింజరు 8.50కి వచ్చాడు, వచ్చి గోల్‌పోస్టును కావలించుకుని నిలబడ్డాడు. అన్నీ ఎక్కించాను. అప్పుడే హెడ్మాస్టారి దగ్గర నుంచి కబురు. జిల్లా కేంద్రంలో మూడు వారాల డ్యూటీ పడింది, సోమవారం హాజరు కావాలి. ఏం డ్యూటీ అని అడక్కండి, మాస్టార్లకు పాఠం చెప్పడం తప్ప అన్ని డ్యూటీలూ పడతాయి. కుర్రాళ్ళను పిలిచి, "ఒరేయ్, నేను లేనని ఎగ్గొట్టొద్దు. యాప్ ఏం చెబితే అది తుచ తప్పకుండా చెయ్యండి" అని చెప్పాను. ఆ తుచ అన్న మాట అననక్కర్లేదు.

సోమవారం పొద్దున్న నేను బస్సుకు బయల్దేరుతుంటే ప్యాసింజరు తండ్రి సంచీతో వచ్చాడు. పలాసలో జీడిపప్పు బట్టీలో పనిచేస్తాడాయన. సంచీలోంచి అరకిలో గుడ్లు, అంటే పగలని నిండు పప్పు, తీసి మా ఆవిడ చేతిలో పెట్టాడు.

"మా గుంటడు ఫస్టొచ్చీసినాడంట గదా మాస్టారూ! ఫోన్లో వచ్చినాది. మా వీధిలో అందరికీ సూపించీసినాను. అంతా మీ సలవే" అన్నాడు.

దేంట్లో ఫస్టు అని అడగాలి నేను. ఎదుటివాడు పొగుడుతుంటే ఆపి వివరాలు అడగడం మా వంశంలో లేదు. బస్సు హారన్ కొడుతోంది కూడా. "బాగా కష్టపడుతున్నాడు" అని చెప్పి ఎక్కేశాను.

నేను లేని మూడు వారాల్లో గ్రౌండులో జరిగింది తరవాత కుర్రాళ్ళు ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఎక్కువ అంకె ఎవడిదో వాడే మొనగాడని యాప్ నిర్ణయించింది. 8.50 ప్యాసింజరు ఊళ్ళోకెల్లా పెద్ద అథ్లెట్టు. వాడికి మొనగాళ్ళ ప్లాను ఇచ్చింది. ఒక రోజు నాలుగు వందల మీటర్లు ఎనిమిది సార్లు, మర్నాడు గట్టు ఎక్కి దిగడం, ఆ మర్నాడు పది కిలోమీటర్లు. కోరమాండల్ అందరికంటే అడుగున పడ్డాడు. వాడి మీద యాప్‌కు జాలి కలిగింది. "తొందర వద్దు. ఇరవై నిమిషాల తేలికపాటి నడక. మిగిలినది: రెండు రోజులు" అంది.

మా గ్రౌండు చుట్టూ పొద్దున్నే షుగరున్న పెద్దవాళ్ళు నడుస్తారు. రిటైరైన తాసీల్దారుగారు, ఎరువుల కొట్టు ఆసామి, ఇంకో నలుగురు. జిల్లాస్థాయిలో కప్పు తెచ్చిన కోరమాండల్ మూడు వారాల పాటు వాళ్ళ మధ్యన చేతులు ఊపుకుంటూ నడిచాడట. పింఛను బకాయిల గురించి, మెంతులు నానబెట్టి తాగడం గురించి వాడికి ఇప్పుడు తెలియనిది లేదు. పక్కనే ట్రాకు మీద ప్యాసింజరు నాలుక బయటపెట్టుకుని ఎనిమిదో చుట్టు కొడుతుంటే, తాసీల్దారుగారు కోరమాండల్ భుజం తట్టి, "నువ్వూ అలా అవుతావురా, దిగులుపడకు" అని ధైర్యం చెప్పారట.

"మీకెవరికీ అనుమానం రాలేదట్రా?" అని అడిగాను.

"వచ్చినాది మాస్టారూ. మీరు తుచ తప్పొద్దన్నారు గదా" అన్నారు.

నాకు తెలిసింది మాత్రం మూడో వారం శనివారం రాత్రి, తాసీల్దారుగారు ఫోను చేసి ఆ కుర్రాడికి ఏ డాక్టరు దగ్గర చూపిస్తున్నారని అడిగినప్పుడు. వెంటనే అల్లుడుగారికి వీడియో కాల్ చేశాను. ఆయన నా చేత ఫోను అటూ ఇటూ తిప్పించి, చివరికి, "మావయ్యగారూ, అక్కడ దిశ పైకి ఉందండీ. టైముకు తక్కువే కదా మంచిది, కిందికి నొక్కండి" అన్నారు. వెనక మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక వేరే గదిలోకి వెళ్ళిపోవడం నాకు కనిపించింది. పనిలో పనిగా ఇంకోటి కూడా బయటపడింది. నేను 8.50 అని వేస్తే యాప్ ఎనిమిదిన్నర నిమిషాలనుకుంది. అంటే ప్యాసింజరుకు ఇరవై సెకన్లు ఉచితంగా ఇచ్చింది. అదీ సరిచేసి, "కిందికి" నొక్కి, హాయిగా నిద్రపోయాను. సరిచేసిన పట్టికను యాప్ రాత్రికి రాత్రే అందరి ఇళ్ళకూ పంపిస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఊరొచ్చి గ్రౌండులో అడుగుపెట్టేసరికి ప్యాసింజరు తండ్రి గోల్‌పోస్టు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో సంచీ లేదు.

"రేతిరి తొంగున్నప్పుడు ఫస్టు మాస్టారూ. తెల్లారి లెగిసేసరికి లాస్టు. మజ్జిలో ఎక్కడికీ ఎల్నేదు, నా పక్కలోనే ఉన్నాడు. ఏటి జరిగింది?" అన్నాడు.

దీనికి సమాధానం ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. దిశ అన్నాను, పైకి అన్నాను, కాపీ అన్నాను. ఆయన అన్నీ విని, "మరి ఆ జీడిపప్పు?" అన్నట్టు ఒక్క చూపు చూశాడు. ఆ పప్పు అప్పటికే పాయసంలో కొంత, ఉప్మాలో కొంత వెళ్ళిపోయింది. నేను ఇక మాట్లాడలేక విజిలు ఊది, అందరినీ లైన్లో నిలబెట్టి, 1600 మళ్ళీ పెట్టాను. ఈసారి రాసుకోవడానికి లాంగ్ నోటుబుక్కు తీశాను.

కోరమాండల్ ముందే వచ్చాడు గానీ 6.20 అయింది. వచ్చాక రొప్పుతూ మెంతుల నీళ్ళేమైనా ఉన్నాయా అని అడిగాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళూ వస్తున్నారు. నేను అలవాటుగా స్టాప్‌వాచీ జేబులో పెట్టుకోబోతుంటే మంచులోంచి ప్యాసింజరు తేలాడు. వాడి వెనక ఇంకా ఏడుగురున్నారు. 8.09.

నలభై ఒక్క సెకన్లు తగ్గాడు. ఇంకా తొమ్మిది సెకన్లు కావాలి. తండ్రికి ఏమర్థమైందో గానీ తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. మా వాడు గోల్‌పోస్టును కావలించుకోకుండా నేరుగా నా దగ్గరకొచ్చి, నోటుబుక్కులోకి తొంగిచూసి, ఊపిరి అందాక మెల్లిగా అన్నాడు.

"మాస్టారూ, ఆ బటను ఇంకో నెల్లాళ్ళు పైకే ఉంచీయండి."